ఊబకాయ నివారణ: ఏ విధానానికి పెట్టిన రూపాయి ఫలిస్తుంది?

2025వ సంవత్సరంలో మన భోజనానికి సంబంధించి కేంద్ర ప్రభుత్వం నుండి మూడు సందేశాలు వెలువడ్డాయి. ఫిబ్రవరి 23వ తేదీన ప్రధానమంత్రి తమ ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ఊబకాయం పెరుగుతున్నదని హెచ్చరించి, వంటనూనె వాడకాన్ని 10 శాతం తగ్గించుకోవాలని ప్రజలను కోరారు. మే నెలాఖరున ముడి పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై ప్రాథమిక దిగుమతి సుంకాన్ని 20 శాతం నుండి 10 శాతానికి తగ్గించారు. సెప్టెంబరు 22వ తేదీ నుండి బిస్కెట్లు, కేకులు, చాక్లెట్లు, ఐస్‌క్రీములపై జీఎస్‌టీ 18 శాతం నుండి 5 శాతానికి దిగింది. నమ్‌కీన్, నూడుల్స్ వంటి వాటిపై 12 నుండి 5 శాతానికి దిగింది. నూనె తగ్గించమన్న విన్నపం మన చెవికి చేరింది. సుంకాలలోను, పన్నులలోను జరిగిన మార్పు మాత్రం కిరాణా కొట్టులో నేరుగా మన చేతికే చేరుతుంది.

ఈ నిర్ణయాలలో ఒక్కొక్కదానికి తగిన కారణాలు వేరువేరుగా ఉన్నాయి. ధరలను అదుపులో ఉంచడం, దేశీయ నూనెశుద్ధి కర్మాగారాలకు ఊతమివ్వడం, పన్నుల శ్రేణులను తగ్గించడం, ఇవన్నీ ప్రభుత్వం చేయవలసిన పనులే. అదే సెప్టెంబరు సవరణలో బాదంపప్పు, ఖర్జూరం వంటి వాటిపై పన్ను కూడా 12 నుండి 5 శాతానికి తగ్గిందని చెప్పకపోతే అన్యాయమవుతుంది. నా అభ్యంతరం వేరొకటి. ఆహారపు ధరను మార్చే ప్రతి నిర్ణయమూ, ఆ ఉద్దేశంతో చేసినా చేయకపోయినా, ఆరోగ్య విధానమే అవుతుంది. ఊబకాయాన్ని నివారించడానికి ప్రభుత్వాల చేతిలో ఉన్న సాధనాలలో అతి తక్కువ ఖర్చుతో అత్యధిక ప్రజలకు చేరగలిగినవి ధర, తయారీ నిబంధన. వాటిని మనం సరిగా వాడుకోవడం లేదు.

సమస్య ఎంతటిదో ముందుగా చూద్దాం. 2019–21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, శరీర ద్రవ్యరాశి సూచిక 25 లేదా అంతకు మించి ఉన్న స్త్రీలు దేశంలో 24 శాతం, పురుషులు 22.9 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 36.3 శాతం, పురుషులు 31.1 శాతం. తెలంగాణలో స్త్రీలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. మన రెండు రాష్ట్రాలూ దేశపు సగటును చాలా దూరం దాటిపోయాయి. ఇదే సర్వేలో దేశం మొత్తం మీద 18.7 శాతం స్త్రీలు ఉండవలసిన బరువుకంటే తక్కువ బరువుతో ఉన్నారన్న సంగతిని కూడా మరువరాదు. తిండి చాలని వారూ, తిన్నది ఎక్కువైన వారూ ఒకే వీధిలో ఉండే దేశంలో ఆహార విధానం రచించడం కత్తిమీద సాము. ఈ విషయాన్ని ముందుకు పోయాక మరల ప్రస్తావిస్తాను.

ఒక విధానం ‘ఖర్చుకు తగిన ఫలితం’ ఇస్తుందా లేదా అన్నది ఎలా తేలుస్తారు? ఆర్థికశాస్త్రజ్ఞులు అడిగే ప్రశ్న సరళమైనదే: ఒక మనిషికి ఒక సంవత్సరపు ఆరోగ్యవంతమైన జీవితాన్ని అదనంగా సమకూర్చడానికి ఈ పద్ధతిలో ఎంత ఖర్చవుతుంది? చవకైన పద్ధతి ఖర్చుకు తగినదే కావాలనే నియమం లేదు. గోడమీద అతికించిన ప్రచార పత్రానికి అయ్యే ఖర్చు స్వల్పం. దానిని చదివి ఎవరూ బరువు తగ్గకపోతే ఆ స్వల్పం కూడా వృథాయే. ఖరీదైన చికిత్స కొన్నిసార్లు పెట్టిన ఖర్చుకు న్యాయం చేస్తుంది. అయితే దానిని ఎందరికి అందించగలమన్నది మరొక ప్రశ్న.

2025 మార్చిలో టిర్జెపటైడ్ అనే మందు ‘మౌంజారో’ పేరుతో మన దేశానికి వచ్చింది. వారానికొక సూది. ప్రారంభ మోతాదు అయిన 2.5 మిల్లీగ్రాముల సీసా ధర అప్పుడు 3,500 రూపాయలు. అంటే నెలకు 14,000 రూపాయలు. ఇది మంచి మందు. తగిన రోగికి తగిన వైద్యుడు రాసినప్పుడు బరువునూ మధుమేహాన్నీ గణనీయంగా తగ్గిస్తుంది. కాని ఆపివేస్తే తగ్గిన బరువు చాలా భాగం తిరిగి వస్తుంది. పోటీ పెరిగి ఈ తరగతి మందుల ధరలు సగానికి పడిపోయినా, మూడవ వంతు వయోజనులకు జీవితాంతం సూదిమందు ఇవ్వడం ఏ రాష్ట్ర ఖజానాకూ సాధ్యం కాదు. చికిత్స రోగికి, నివారణ జనాభాకు. రెండింటి లెక్కలూ వేరు.

నివారణ లెక్కను స్పష్టంగా చూపిన అధ్యయనాలలో ఒకటి హార్వర్డ్ విశ్వవిద్యాలయపు స్టీవెన్ గోర్ట్‌మేకర్ బృందం 2015లో ‘హెల్త్ అఫైర్స్’ పత్రికలో ప్రచురించినది. అమెరికాలో బాలల ఊబకాయాన్ని తగ్గించే పద్ధతులను వారు ఒకే కొలమానంతో పోల్చారు. తీపి పానీయాలపై పన్ను వేస్తే, అమలుకు ఖర్చయ్యే ఒక్కొక్క డాలరుకు పదేళ్ళలో సుమారు 31 డాలర్ల వైద్యవ్యయం ఆదా అవుతుందని తేలింది. పిల్లలను లక్ష్యంగా చేసుకునే అనారోగ్యకర ఆహారపు ప్రకటనలకు కంపెనీలు పొందే పన్ను రాయితీని రద్దు చేస్తే డాలరుకు 33 డాలర్లు. పాఠశాలల్లో భోజనానికి వెలుపల అమ్మే తినుబండారాలకు పోషక ప్రమాణాలు పెడితే 4 డాలర్లకు పైగా. కౌమార వయస్కులకు బరువు తగ్గించే శస్త్రచికిత్సను విస్తరిస్తే దేశం మొత్తం మీద ఊబకాయం తగ్గుదల నామమాత్రం. శస్త్రచికిత్స పనిచేయదని దీని అర్థం కాదు. అది కొద్దిమందికే చేరుతుంది.

ఇవన్నీ గణిత నమూనాలు వేసిన అంచనాలు. వాటిని శాసనాలుగా భావించరాదు. ఒక దేశపు డాలరు లెక్కను మన రూపాయికి అతికించరాదు. కాని వరుస క్రమం మాత్రం దేశాలు మారినా పెద్దగా మారడం లేదు. మెక్సికో 2014 జనవరి 1 నుండి తీపి పానీయాలపై లీటరుకు ఒక పెసో పన్ను విధించింది. మొదటి సంవత్సరం కొనుగోళ్ళు 5.5 శాతం, రెండవ సంవత్సరం 9.7 శాతం తగ్గాయి. ఇది అంచనా కాదు, కుటుంబాల కొనుగోళ్ళలో కనబడిన మార్పు. పేద కుటుంబాలలో తగ్గుదల ఎక్కువగా కనిపించింది. ఆ పన్ను అమలుకు పెట్టిన ఒక్కొక్క డాలరుకు సుమారు 4 డాలర్లు ఆదా అవుతాయని తరువాత వేసిన అంచనా. అమెరికా లెక్కలోని 31 ఎక్కడ, మెక్సికో 4 ఎక్కడ? అయినా రెండు చోట్లా ప్రభుత్వానికి మిగులే తప్ప తగులు లేదు.

ఎందుకిలా జరుగుతుంది? వైద్యుడికి రోగితో గడపడానికి అయిదు నిమిషాలు దొరుకుతాయి. ఆ అయిదు నిమిషాలలో తీపి తగ్గించమని, నూనె తగ్గించమని చెబుతాడు. రోగి ఆస్పత్రి గేటు దాటగానే ఎదురుగా అయిదు రూపాయల బిస్కెట్ పొట్లాల దండలు వేలాడుతుంటాయి. వైద్యుడి సలహాకు ప్రతి రోగి దగ్గరా, ప్రతి రోజూ, మళ్ళీ మళ్ళీ ఖర్చు పెట్టాలి. అది కూడా రోగి మనోబలం మీద ఆధారపడుతుంది. పన్నుకు, నిబంధనకు ఆ బాధ లేదు. వసూలు యంత్రాంగం ఎలాగూ ఉన్నది. పైగా వాటి ప్రభావం కొనేవాడి మీదనే కాక తయారుచేసేవాడి మీద కూడా పడుతుంది. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఈ చివరి సంగతే.

దానికి తగిన ఉదాహరణ బ్రిటన్. 2016 మార్చిలో అక్కడి ప్రభుత్వం శీతల పానీయాల సుంకాన్ని ప్రకటించి, 2018 ఏప్రిల్ 6 నుండి అమలు చేసింది. 100 మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాముల లోపు ఉంటే సుంకం లేదు. 5 నుండి 8 గ్రాముల లోపు ఉంటే లీటరుకు 18 పెన్నీలు. 8 గ్రాములు, ఆపైన ఉంటే 24 పెన్నీలు. మధ్యలో రెండేళ్ళ గడువు ఇచ్చారు. కంపెనీలు ఆ గడువులో సీసాలోని చక్కెరనే తగ్గించుకున్నాయి. 2015 నుండి 2019 వరకు సుంకం పరిధిలోని పానీయాలలో 100 మిల్లీలీటర్లకు సగటు చక్కెర సుమారు 44 శాతం తగ్గింది. తొలి సంవత్సరం 52 కోట్ల పౌండ్లు వస్తాయని ఖజానా ఆశించగా, వచ్చినది అందులో సగం కూడా లేదు. ఆర్థికశాఖ దృష్టితో అది వైఫల్యం. వైద్యుడి దృష్టితో చూస్తే, వసూలు కాని ప్రతి పౌండు వెనుకా ఎవరో తాగని చక్కెర ఉన్నది. 10–11 ఏళ్ళ బాలికలలో ఊబకాయం, సుంకం లేకుంటే ఉండగలదనుకున్న స్థాయికంటే 8 శాతం తక్కువగా నమోదైనట్లు 2023లో ఒక పరిశోధన తెలిపింది. బాలురలో అటువంటి తగ్గుదల స్పష్టంగా కనబడలేదు. రెండు సంగతులూ చెప్పడం నా ధర్మం.

ఇప్పుడు మన పన్నుల పట్టికను చూడండి. మన దేశంలో గ్యాసు నింపిన తీపి పానీయాలపై మొదటి నుండి 28 శాతం జీఎస్‌టీ, 12 శాతం పరిహార సెస్సు, వెరసి 40 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు నుండి అది నేరుగా 40 శాతంగా మారింది. ప్రపంచంలో ఎందరో ఆరోగ్యవేత్తలు కలలుగనే రేటు ఇది! కాని అది చక్కెర మీద పడే పన్ను కాదు, గ్యాసు మీద పడే పన్ను. చక్కెర బొత్తిగా లేని డైట్ కోలా మీద 40 శాతం. సుమారు 10.6 గ్రాముల చక్కెర ఉన్న మామూలు కోలా మీద కూడా 40 శాతమే. చక్కెరలో కోలాకు ఏమాత్రం తీసిపోని, గ్యాసు లేని మామిడి పానీయం మీద 5 శాతం. అంతకు ముందున్న 12 శాతం కూడా అదే సెప్టెంబరులో తగ్గిపోయింది. ‘పండ్ల రసం’ అన్న పేరు చూసి తల్లులు పిల్లలకు కొనిపెట్టేది ఈ మామిడి పానీయాన్నే. సీసాలో చక్కెర తగ్గించిన తయారీదారుకు ఈ పట్టికలో ఒక్క పైసా లాభం లేదు, పెంచినవాడికి ఒక్క పైసా నష్టం లేదు. ఇంత పెద్ద పన్ను వసూలు చేస్తూ దాని ఆరోగ్య ఫలితాన్ని ఇంత పొదుపుగా వదులుకున్న దేశం మరొకటి ఉంటుందా అన్నది నా సందేహం.

మనకు ఇటువంటి నిబంధనలు అమలు చేయడం చేతకాదని అనుకోనక్కరలేదు. నూనెలలోను, ఆహార పదార్థాలలోను ట్రాన్స్ కొవ్వులను 2022 జనవరి నుండి 2 శాతానికి పరిమితం చేసిన ఘనత మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థదే. వనస్పతి తయారీ పద్ధతి మారింది. దానికోసం ఏ గృహిణీ అవగాహన సదస్సుకు హాజరు కాలేదు. ట్రాన్స్ కొవ్వు అంటే ఏమిటో తెలియని వారికి కూడా దాని మేలు సమానంగా చేరింది.

ఇక మన సమస్యకు పన్ను ఒక్కటే మందు కాదనడానికి బలమైన కారణమున్నది. తీపి పానీయాల ద్వారా వచ్చే కేలరీలు మెక్సికన్ల ఆహారంలో ఉన్నంతగా మన ఆహారంలో లేవు. సంజయ్ బసు బృందం 2014లో ‘ప్లోస్ మెడిసిన్’లో ప్రచురించిన అంచనా ప్రకారం, భారతదేశంలో తీపి పానీయాలపై 20 శాతం పన్ను వేస్తే 2014–2023 మధ్య అధిక బరువు, ఊబకాయం 3 శాతం మేర, కొత్త మధుమేహం 1.6 శాతం మేర తగ్గుతాయి. కోట్ల జనాభాలో ఇది చిన్న సంఖ్య కాదు. అయినా కొండను కదిలించే సంఖ్య కూడా కాదు. మన బరువు పెరిగేది పాలిష్ పట్టిన బియ్యంతో, కదలిక లేని ఉద్యోగాలతో, సాయంత్రపు మిరపకాయ బజ్జీతో, బేకరీ పఫ్‌తో, కర్రీ పాయింటు వేపుడుతో. వీటిలో చాలావాటికి పొట్లం లేదు, బ్రాండు లేదు, పన్ను రసీదు లేదు.

బజ్జీ నుండి పఫ్ వరకు అన్నిటిలోను ఉండేది నూనె. నీతి ఆయోగ్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో తలసరి వంటనూనె వినియోగం ఏడాదికి 19.7 కిలోలు. ఇది అందుబాటు లెక్క. వృథా అయ్యేది కూడా ఇందులో ఉంటుంది. అయినా రోజుకు సుమారు 54 గ్రాములన్నమాట. అందులో 10 శాతం అంటే 5.4 గ్రాములు, దాదాపు 48 కిలో కేలరీలు. అమెరికా శాస్త్రజ్ఞుడు కెవిన్ హాల్ బృందం 2011లో ‘లాన్సెట్’లో ఇచ్చిన సూత్రం ప్రకారం, రోజుకు 24 కిలో కేలరీలు శాశ్వతంగా తగ్గితే చివరకు సుమారు ఒక కిలో బరువు తగ్గుతుంది, అందులో సగం మొదటి ఏడాదిలో, మిగిలినది చాలావరకు మూడేళ్ళలో. ఆ లెక్కన ప్రధానమంత్రి కోరిన పదిశాతం నిజంగా నెరవేరితే, సగటు మనిషి రెండు కిలోలు తగ్గుతాడు. జనాభా మొత్తానికి రెండు కిలోలు! ఏ మందూ ఏ దేశంలోనూ ఇంతటి పని చేయలేదు. కనుక ఆ విన్నపపు లక్ష్యాన్ని నేను మనసారా సమర్థిస్తాను. దానిని సాధించే మార్గం విన్నపం కాదని మాత్రమే నా వాదం.

అయితే నూనె మీద పన్ను పెంచమందామా? ఇక్కడ నేను ఆగుతాను. అదే సంజయ్ బసు బృందం 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పామాయిలు పన్నును పరిశీలించింది. 20 శాతం పన్నుతో పదేళ్ళలో గుండెపోటు, పక్షవాతం మరణాలు సుమారు 3,63,000 తప్పుతాయని అంచనా వేస్తూనే, పేదల ఆహార భద్రతకు దెబ్బ తగలవచ్చునని, ప్రయోజనం నగరవాసులకు, పురుషులకు ఎక్కువగా దక్కుతుందని హెచ్చరించింది. కూలిపని చేసుకునే ఇల్లాలి కూరలో ఆ రెండు చెంచాల నూనే రుచి, అదే శక్తి. తక్కువ బరువుతో ఉన్న 18.7 శాతం స్త్రీలను మరువరాదని పైన అన్నది ఇందుకే. తీపి పానీయం లేకుండా ఏ పేదవాడి ఆరోగ్యమూ చెడదు. నూనె అలా కాదు. కనుక నూనె మీద పన్నును నేను కోరను. ఇంటి వంటకు కొనే ప్యాకెట్‌ను వదిలిపెట్టి, కర్మాగారాలలో తయారయ్యే బిస్కెట్లు, చిప్సు, నమ్‌కీన్‌లలో కొవ్వుకు, చక్కెరకు పరిమితులు నిర్ణయించడం ట్రాన్స్ కొవ్వుల దారిలోనే సాధ్యం. 5 శాతం రేటును ఆ పరిమితులు పాటించిన సరుకులకే ఇస్తే సరిపోయేది.

పన్ను రూపకల్పన సరిగా లేకపోతే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కరలేదు. 2016 జులైలో కేరళ ఆర్థికమంత్రి థామస్ ఐజాక్ బర్గర్లు, పిజ్జాల వంటి వాటిపై 14.5 శాతం పన్ను ప్రతిపాదించారు. అది బ్రాండెడ్ రెస్టారెంట్లకే పరిమితం. వీధి చివర బేకరీ, పరోటా కొట్టు దాని పరిధిలో లేవు. ఏడాది తిరగకుండానే జీఎస్‌టీ వచ్చి అది ముగిసింది. డెన్మార్క్ 2011 అక్టోబరులో సంతృప్త కొవ్వుపై కిలోకు 16 క్రోనర్ల పన్ను వేసి, 2013 జనవరి నుండి ఎత్తివేసింది. కొవ్వు వినియోగం కొంత తగ్గిందని తరువాతి అధ్యయనాలు చెప్పాయి గాని, జనం సరిహద్దు దాటి జర్మనీలో వెన్న కొనుక్కోవడం మొదలుపెట్టాక రాజకీయ నాయకులు అంతవరకు ఆగలేదు.

పొట్లం ముందు భాగంలో హెచ్చరిక కూడా ప్రభుత్వానికి దాదాపు ఖర్చులేని విధానమే. చిలీ దేశం 2016 జూన్ నుండి చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు మించిన పొట్లాలపై నల్లని అష్టభుజి ముద్ర తప్పనిసరి చేసింది. ముద్ర ఉన్న సరుకును బడిలో అమ్మరాదు, పిల్లలకు ప్రకటించరాదు. ఒకే గీత, మూడు ప్రయోజనాలు. ముద్రపడే స్థాయి పానీయాల కొనుగోళ్ళు సుమారు 24 శాతం తగ్గాయి. మనవద్ద 2022 సెప్టెంబరులో నక్షత్రాల రేటింగు ముసాయిదా వచ్చింది. అందులో చక్కెర వల్ల పోయిన మార్కులను పీచు, గింజలు కలిపి కొంత తిరిగి సంపాదించుకోవచ్చు. సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో నిపుణుల సంఘానికి మూడు నెలల గడువు విధించింది. నా అభిప్రాయంలో, చదువురాని వారికి కూడా అర్థమయ్యే నల్ల ముద్ర ఉండగా రెండున్నర నక్షత్రాల బిస్కెట్ ఎవరికోసం? బడుల విషయానికి వస్తే, కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న ఆహారాన్ని పాఠశాలలోను, దాని గేటుకు 50 మీటర్ల లోపలను అమ్మరాదన్న నిబంధన 2020 నుండి ఉన్నది. మీ ఊరి బడి ముందు టేపు పట్టుకొని కొలిచి చూడండి. తనిఖీ అధికారి లేని నిబంధనకు ఖర్చు సున్న, ఫలితమూ సున్న.

ఈ లెక్క మన రాష్ట్ర ప్రభుత్వాలకు మరింత దగ్గరిది. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 10 లక్షల రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. గుండెకు స్టెంటు, మూత్రపిండాలకు డయాలిసిస్, కాలికి మధుమేహపు పుండు, ఈ బిల్లులు చెల్లించేది రాష్ట్ర ఖజానా. ఆ బిల్లులను తగ్గించగల పన్ను రేటును నిర్ణయించేది జీఎస్‌టీ మండలి. ఆ మండలిలో ఓట్ల విలువలో మూడింట రెండు వంతులు రాష్ట్రాలవి. మన ఇద్దరు ఆర్థికమంత్రులకూ అక్కడ కుర్చీలున్నాయి.

వారు అడగదగినది కొత్త పన్ను కాదు. ఇప్పుడున్న 5, 18, 40 శ్రేణులలోనే తీపి పానీయాలను గ్యాసు, పండు భేదం లేకుండా చక్కెర గ్రాములను బట్టి తిరిగి సర్దడం. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాముల లోపు ఉంటే 18 శాతం, మించితే 40 శాతం. చక్కెర కలపని పండ్లరసం, పాలు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు దీనికి వెలుపల. కృత్రిమ తీపి పదార్థాలను బరువు తగ్గడానికి వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినందున, వాటిని కలిపిన పానీయాలకు 18 కంటే తక్కువ ఇవ్వనక్కరలేదు. ప్రకటించిన నాటి నుండి రెండేళ్ళ గడువు. అంత చక్కెర తగ్గిస్తే రుచి పోతుంది, వ్యాపారం పోతుంది అని కంపెనీలు అంటాయి. బ్రిటన్‌లో ఫాంటా, స్ప్రైట్ రెండూ ఆ 5 గ్రాముల గీత కిందికి దిగి నేటికీ అమ్ముడవుతున్నాయి. వాటిని తయారుచేసే కోకా-కోలా సంస్థదే ఇక్కడి మాజా కూడా.